ఘన బ్యాటరీలును విద్యుద్వాహనములును

విద్యుద్బలముచే నడచు బండ్లు నేడు మన వీథులలో వింతవస్తువులు కావు. అవి పెట్రోలు త్రాగవు, పొగ విడువవు, రొద చేయవు. అయినను వానిని కొనదలచినవారు మూడు ప్రశ్నలు తప్పక అడుగుదురు. ఒక్కమాఱు విద్యుత్తు నింపినచో బండి యెంత దూరము పోవును? నింపుట కెంతసేపు పట్టును? ఇంటిలో నుంచుకొన్నచో నిప్పంటుకొనదు గదా? ఈ మూటికిని సమాధానము బండి గర్భమున దాగియున్న బ్యాటరీయందే కలదు.

ఇట్లుండగా "ఘనస్థితి బ్యాటరీ" యను నొక క్రొత్త సాధనము వచ్చుచున్నదనియు, అది రాగానే మూడు చిక్కులును ఒక్కసారిగా తీరుననియు కొన్ని యేండ్లుగా వార్తాపత్రికలు ప్రకటించుచున్నవి. ఆ సాధన మెట్టిది, అది యెందుల కింత ఆలస్యమగుచున్నది, అట్టి ప్రకటనలను మన మెంతవఱకు నమ్మవచ్చును అను సంగతులను మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజెప్పుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బ్యాటరీ యనగా నేమి?

ఇటలీ దేశీయుడగు వోల్టా పండితుడు 1800వ సంవత్సరమున జింకు బిళ్లలను వెండి బిళ్లలను ఒకదానిపై నొకటిగా పేర్చి, నడుమ నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, ఎడతెగక పాఱు విద్యుత్ప్రవాహమును మొట్టమొదట పుట్టించెను. నేటి బ్యాటరీలు రూపమున ఎంత మాఱినను ఆ మూల మేర్పాటు మాఱలేదు. రెండు ధ్రువములు, వాని నడుమ నొక పదార్థము, ఇంతియే. ఈ నడుమనున్న దానిని పాఠ్యపుస్తకములలో విద్యుద్విశ్లేష్య మందురు. మే మిందు తేలికకొఱకు "నడిమి పదార్థము" అని వ్యవహరింతుము.

నడిమి పదార్థము చేయవలసిన పని మిక్కిలి సున్నితమైనది. విద్యుదావేశము గల పరమాణువులను, అనగా అయానులను, అది తనలోనుండి పోనీయవలెను. ఎలక్ట్రానులను మాత్రము పోనీయరాదు. అడ్డత్రోవ దొరకక ఎలక్ట్రానులు బయటి తీగ వెంబడి చుట్టు తిరిగి పోవుటచేతనే మన దీపము వెలుగుచున్నది, మన మోటారు తిరుగుచున్నది. అయానులు తగినంత త్వరగా పోకున్నచో బ్యాటరీకి సత్తువ యుండదు. ఎలక్ట్రానులు లోపలినుండియే దూరిపోయినచో బ్యాటరీ తనలో తాను కాలిపోవును.

ఫ్రాన్సు దేశీయుడగు ప్లాంటే 1859లో సీసపు రేకులతోను గంధకామ్లముతోను మరల మరల నింపదగిన బ్యాటరీని నిర్మించెను. లారీలలోను, విద్యుత్తు పోయినప్పుడు ఇండ్లలో పంకాలు తిప్పు ఇన్వర్టర్లలోను నేటికిని ఆ జాతి బ్యాటరీయే విరివిగా కానవచ్చును. అది చవుకయైనది, నమ్మకమైనది. కాని మిక్కిలి బరువు. కిలోగ్రాము సీసపు బ్యాటరీ సుమారు 30 మొదలు 40 వాటుగంటల శక్తిని మాత్రమే దాచగలదు. అట్టి భారమును మోసికొని దూరప్రయాణము చేయు బండిని కట్టుట కష్టము.

లిథియము వచ్చిన విధము

లోహములలో నెల్ల తేలికయైనది లిథియము. దీనిని 1817లో స్వీడను దేశీయుడగు ఆర్ఫ్‌వెడ్‌సన్ కనుగొనెను. నీటి బరువులో దాని బరువు సుమారు సగమే. పైగా అది తన ఎలక్ట్రానును మిక్కిలి సులభముగా విడిచిపెట్టును. తేలికదనమును దాతృత్వమును ఒక్కచోట కూడియుండుటచే బ్యాటరీకి ఇంతకంటె తగిన లోహము లేదని శాస్త్రజ్ఞులు తలంచిరి.

1970 తరువాతి దశకమున అమెరికాలో విట్టింగ్‌హామ్ లిథియము లోహమే ఋణధ్రువముగా నొక బ్యాటరీని నిర్మించెను. 1980లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గుడెనఫ్ బృందమువారు ధనధ్రువమునకు కోబాల్టు ఆక్సైడు మేలైనదని కనుగొనిరి. 1985లో జపానునందు యోషినో లిథియము లోహమునకు బదులు కర్బనమును ఋణధ్రువముగా వాడి, ప్రమాదమును తగ్గించెను. 1991లో సోనీ కంపెనీవారు ఈ బ్యాటరీని అంగడికి దెచ్చిరి. ఈ మువ్వురకును 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మీయబడెను. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరములు. నోబెల్ గ్రహీతలలో నంతటి వృద్ధుడు మఱియొకడు లేడు.

నేడు మన చేతిఫోనులలోను విద్యుద్వాహనములలోను ఉన్నది ఈ లిథియము అయాను బ్యాటరీయే. విద్యుత్తు నింపునప్పుడు లిథియము అయానులు ధనధ్రువమును విడిచి, నడిమి ద్రవమున నీది, ఋణధ్రువమగు గ్రాఫైటు పొరల సందులలో చేరును. వాడుకొనునప్పుడు అవియే తిరిగి తమ మొదటి చోటికి పోవును. మేలైన ఘటములు కిలోగ్రామునకు 250 మొదలు 300 వాటుగంటలవఱకు దాచగలవు. అనగా సీసపు బ్యాటరీకంటె ఇంచుమించు ఏడు రెట్లు.

ద్రవము వలని చిక్కులు

ఇంత మేలైన సాధనమునకు రెండు లోపములు కలవు. మొదటిది, ఇందలి నడిమి ద్రవము నీరు కాదు. నీరు లిథియముతో పొసగదు. కావున పెట్రోలువలె మండు స్వభావము గల కర్బన ద్రవములలో లిథియము లవణమును కరగించి వాడుచున్నారు. ధ్రువములు రెండును ఒకదాని నొకటి తాకకుండ నడుమ నుంచిన పలుచని ప్లాస్టికు పొర వేడికి కరగినను, చిరిగినను, ఘటము లోలోపల వేడెక్కి, ఆ వేడిచే మఱింత వేడిని పుట్టించి, తుదకు ప్రక్క ఘటములకును నిప్పంటించును.

ఈ ప్రమాదము మన ప్రాంతమువారికి వినికిడి మాత్రమే కాదు. 2022 ఏప్రిలులో నిజామాబాదులో నొకయింటను, విజయవాడలో నొకయింటను, విద్యుత్తు నింపుటకై లోపల నుంచిన స్కూటరు బ్యాటరీలు ప్రేలి ప్రాణనష్టము కలిగెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సికిందరాబాదున విద్యుత్ స్కూటర్ల అంగడి గల భవనము కాలి, పైయంతస్తులనున్న హోటలులో దిగినవారు మొదలగు ఎనిమిదిమంది మరణించిరి. ఇట్టి వానిని చూచియే భారత ప్రభుత్వమువారు 2022 డిసెంబరు మొదలుకొని బ్యాటరీల పరీక్షానియమములను రెండు దశలుగా కఠినపఱచిరి.

రెండవ లోపము బరువునకు సంబంధించినది. గ్రాఫైటునందు ఒక్క లిథియము పరమాణువు బస చేయుటకు ఆఱు కర్బన పరమాణువులు కావలెను. వచ్చిన చుట్టము బరువు ఏడు పాళ్లయినచో, ఇంటి బరువు డెబ్బదిరెండు పాళ్లు! ఇంటిని తీసివేసి లిథియము లోహమునే యుంచితిమేని, అదే బరువునకు ఋణధ్రువము పదిరెట్ల విద్యుదావేశమును దాచును. అయినచో అట్లేల చేయరాదు? చేసి చూచిరి. కెనడా దేశపు కంపెనీ యొకటి లిథియము లోహపు బ్యాటరీలను చేయగా, 1989లో జపానున చేతిఫోనులలో నవి నిప్పంటుకొనెను; ఆ సరకును వెనుకకు తీసికొనవలసి వచ్చెను. కారణ మేమనగా, విద్యుత్తు నింపునప్పుడు లిథియము సమముగా పఱచుకొనక, చెట్టు వేళ్లవలె సన్నని కొమ్మలుగా పెరిగి, ద్రవమును దాటి, ఎదుటి ధ్రువమును ముట్టును. ముట్టిన తక్షణమే లోపలినుండి ఎలక్ట్రానులకు అడ్డత్రోవ యేర్పడును.

కావున శాస్త్రజ్ఞుల యాలోచన యిట్లు సాగినది: నడిమి పదార్థము ద్రవము గాక గట్టి ఘనమైనచో మండు ద్రవము పోవును, లిథియపు కొమ్మలు చొరజాలవు, తేలికయగు లోహధ్రువమును నిర్భయముగా వాడవచ్చును. ఇదియే ఘన బ్యాటరీ.

ఘనమునందు అయాను లెట్లు పోవును?

రాతిలో చీమ యెట్లు నడచునని చదువరులు సందేహింపవచ్చును. ఈ సంగతి క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశీయుడగు మైకేల్ ఫారడే 1830 తరువాతి దశకమున వెండి గంధకమును, సీసపు ఫ్లోరైడును వేడిచేసినప్పుడు, అవి ఘనములయ్యును విద్యుత్తును ప్రసరింపజేయుట చూచెను. తరగతిలో ఒక పొడవైన బల్లమీద పిల్లలందఱు కూర్చుండియుండగా, నడుమ నొక్క చోటు ఖాళీగా నున్నదనుకొందము. ప్రక్కవాడు ఆ చోటికి జరుగును, వానిచోటు ఖాళీయగును, అందులోనికి ఇంకొకడు జరుగును. బల్ల కదలదు, పిల్లలు కదలుదురు. కొన్ని స్ఫటికములలో పరమాణువుల పొందిక ఇట్లే ఖాళీచోట్లతో కూడియుండుటచే, చిన్నదైన లిథియము అయాను ఒక చోటినుండి మఱియొక చోటికి దుముకుచు పోగలదు.

ఘన బ్యాటరీ మనుష్యుల శరీరములయందే పని చేసినదన్న ఆశ్చర్యము కలుగవచ్చును. గుండె సరిగా కొట్టుకొనుటకు లోపల నమర్చు పేస్‌మేకరు యంత్రములలో లిథియము, అయొడినులతో చేసిన బ్యాటరీని 1972లో మొదటిసారి వాడిరి. ఆ రెండును తాకినచోట లిథియము అయొడైడను ఘనము తనంతట తానే యేర్పడి నడిమి పదార్థమగును. అది యేండ్ల తరబడి నమ్మకముగా పనిచేయును. కాని గుండెయంత్రమునకు కావలసినది ఆంపియరులో పది లక్షల వంతులు కొన్ని మాత్రమే. కారు మోటారునకు వందల ఆంపియరులు కావలెను. గుండెయంత్రపు బ్యాటరీని మరల నింపుటయు లేదు. చిన్న కాలువలో పాఱిన నీరు పెద్ద చెఱువును నింపజాలనట్లు, ఆ ఘనము బండికి చాలదు.

మూడు కుటుంబములు

బండికి చాలునట్టి ఘనముకొఱకు జరిగిన వెదకులాటలో మూడు కుటుంబములు ముఖ్యమైనవి.

మొదటిది ప్లాస్టికు జాతి. 1970 తరువాతి దశకమున ఇంగ్లండులో పీటర్ రైట్, ఫ్రాన్సులో మిషెల్ అర్మాండ్ దీనికి దారి చూపిరి. ఇది మెత్తనిది, తయారుచేయుట సులభము. 2011లో పారిసు నగరమున ప్రారంభమైన అద్దె విద్యుత్కారులలో ఈ జాతి బ్యాటరీలే యుండెను. కాని యివి సుమారు 60 డిగ్రీలకు మించిన వెచ్చదనమున గాని చక్కగా పనిచేయవు. నిలిచియున్న బండిని సయితము వెచ్చగా నుంచుట కొంత విద్యుత్తును వ్యర్థము చేయుటయే గదా!

రెండవది పింగాణి జాతి. 2007లో జర్మనీయందు మురుగన్, తంగదురై, వెప్నర్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు లిథియము, లాంథనము, జిర్కోనియము, ఆమ్లజనిలతో గూడిన ఆక్సైడొకటి లిథియమును చక్కగా ప్రసరింపజేయునని ప్రకటించిరి. వీరిలో మొదటి యిరువురును మన దేశమునుండి వెడలినవారగుట మనకు సంతోషకరము. ఈ ఆక్సైడు గట్టిది, నిప్పుకు లొంగనిది. కాని వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చవలెను. కాల్చిన పిమ్మట పింగాణి పళ్లెమువలె పెళుసుగా నుండును.

మూడవది గంధకపు జాతి. 2011లో జపానున ర్యోజి కాన్నో బృందమువారు లిథియము, జర్మేనియము, భాస్వరము, గంధకములతో చేసిన ఘనము ద్రవముతో సమానముగా అయానులను పోనిచ్చుచున్నదని చూపిరి. ఇది లోకమును మేల్కొలిపిన వార్త. ఈ జాతి కొంత మెత్తనిదగుటచే కాల్చకుండ ఒత్తినంతనే అతుకుకొనును. దోష మేమనగా, గాలిలోని తేమ తగిలినచో కుళ్లిన కోడిగ్రుడ్ల వాసన గల విషవాయువు వెడలును. కావున తేమ బొత్తిగా లేని గదులలోనే వీనిని తయారు చేయవలెను. ఆ గదుల నిర్వహణకు ధనము మెండుగా కావలెను.

అసలు కష్టము

పై సంగతులనుబట్టి చూడగా, అయానులను పోనిచ్చు ఘనము 2011 నాటికే దొరికినది. అటుపిమ్మట ఇన్ని సంవత్సరములు గడచినను ఘన బ్యాటరీ బండ్లు మన వీథులలో లేవు. ఏల? మా తలంపున ఈ ప్రశ్నయే యీ విషయమునకు తాళపుచెవి.

గోడ కట్టు తాపీపనివాని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రెండు ఇటుకలను ఊరక ఒకదానిపై నొకటి పెట్టినచో అవి కొన్ని మెరకలయందు మాత్రమే తాకును, తక్కినదంతయు సందే. తడిసున్నము వేసినచో అది ప్రతి సందులోనికిని ప్రాకి రెంటిని కలుపును. బ్యాటరీలో ద్రవము చేయుచుండిన గొప్ప యుపకార మిదియే. ధ్రువములోని ప్రతి గుంటను, ప్రతి పగులును అది తానై తడుపుచుండెను. దానిని తీసివేయగానే ఘనము ఘనమును తాకవలసి వచ్చినది. తాకనిచోట అయానునకు త్రోవ లేదు.

అంతటితో పోలేదు. బ్యాటరీ ఊపిరి తీయును. ఒక్కమాఱు విద్యుత్తు నింపినప్పుడు లిథియము లోహపు పొర సుమారు 20 మైక్రోమీటర్ల మందము పెరుగును. అనగా మనుష్యుని వెండ్రుక మందములో నాలుగవ వంతుకంటె నెక్కువ. వాడినప్పుడు అంతయు క్రుంగును. బండి బ్యాటరీలో ఇట్టి పొరలు పెక్కు లుండును. ఈ ఉబ్బుటయు క్రుంగుటయు వేయి మాఱులు జరిగినను రెండు ఘనముల నడుమ సందు పుట్టరాదు. అందుచే ప్రయోగశాలలలో ఘటములను బలమైన పలకల నడుమ బిగించి, వాతావరణపు ఒత్తిడికి పదుల రెట్లు ఒత్తుచుందురు. అట్టి బిగింపు సామగ్రిని బండిలో పెట్టినచో, తగ్గెననుకొన్న బరువు తిరిగి వచ్చును.

మఱియొక విచిత్రము కూడ బయటపడెను. లిథియము వెన్నవలె మెత్తని లోహము. దానికంటె ఎన్నో రెట్లు గట్టిదగు పింగాణిని అది చొరజాలదని మొదట తలంచిరి. 2005లో మన్రో, న్యూమన్ అను శాస్త్రజ్ఞులు గణితముచే, తగినంత గట్టిదగు ఘనము లిథియపు కొమ్మల నాపగలదని చూపిరి. కాని ఆచరణయందు, కంటికి కానరాని పగులులోనికిని, స్ఫటికరేణువుల నడిమి కీళ్లలోనికిని లిథియము దూరి, ఒత్తిడిచే పగులును పెంచి, ఆవలిప్రక్కను ముట్టెను. రావిమొక్క వేరు రాతిగోడను చీల్చుట మన మెఱుగుదుము గదా; అట్టిదే యిదియును. కావున ఘనము గట్టిదైన చాలదు. పగులు లేనిదై యుండవలెను. వెండ్రుకకంటె పలుచని పింగాణి పొరలను పగులు లేకుండ లక్షలకొలది చేయుట ప్రయోగశాల పనికంటె కర్మాగారపు పని.

ఇప్పటి స్థితి

2023 అక్టోబరులో జపానునందలి టొయోటా కంపెనీవారు ఇడెమిత్సు కంపెనీతో కలిసి, 2027-28 సంవత్సరములలో ఘన బ్యాటరీ బండ్లను తెచ్చుటకు ప్రయత్నింతుమని ప్రకటించిరి. నిస్సాన్ కంపెనీవారు యొకొహామాలో నమూనా తయారీశాలను చూపిరి. 2025లో మెర్సిడెస్ కంపెనీ ప్రయోగపు కారొకటి జర్మనీలోని స్టుట్‌గార్టునుండి స్వీడనులోని మాల్మోవఱకు 1205 కిలోమీటర్లు నడుమ విద్యుత్తు నింపకయే పోయెను. 2025 సెప్టెంబరులో మ్యూనిక్ నగరపు ప్రదర్శనలో క్వాంటమ్‌స్కేప్ కంపెనీవారి ఘటములు గల డుకాటి పందెపు మోటారుసైకిలు నడిచెను. చైనాలో కొంత ద్రవమును మిగిల్చిన "అర్ధఘన" బ్యాటరీలు బండ్లలోనికి వచ్చినవి; 2023 డిసెంబరులో నియో కంపెనీ కారొకటి అట్టి బ్యాటరీతో వేయి కిలోమీటర్లు దాటెను.

ఇవన్నియు మెచ్చదగిన పనులే. కాని ఒక కారు ఒకమాఱు దూరము పోవుటయు, లక్ష కార్లు పదియేండ్లు పోవుటయు వేఱు. ఈలోపల పాత ద్రవ బ్యాటరీ నిద్రపోవుట లేదు. 2010లో కిలోవాటుగంటకు వేయి డాలర్లకు మించియున్న బ్యాటరీ వెల 2024 నాటికి సగటున సుమారు 115 డాలర్లకు దిగెను. ఇనుము, ఫాస్ఫేటులతో చేసిన ధనధ్రువము గల బ్యాటరీలు శక్తిలో కొంత తక్కువైనను, వేడికి చాలవఱకు నిలిచి, చవుకగా దొరకుచున్నవి. క్రొత్తది పాతదానితో మేలుననే గాక వెలయందును పోటీపడవలెను.

వార్తలను చదువు విధము

కావున ఘన బ్యాటరీని గూర్చి యే వార్త చదివినను మన విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని కోరుచున్నాము. చూపిన ఘటము బొత్తామంతయా, బండికి తగినంతయా? దానిని ఎన్నిమాఱులు నింపి వాడిరి? ఎంత వెచ్చదనమున, ఎంత ఒత్తిడిక్రింద ఆ ఫలితము వచ్చెను? అందు ద్రవము బొత్తిగా లేదా, కొంత మిగిలియున్నదా? ఈ నాలుగింటికి జవాబు చెప్పని వార్త అబద్ధము కాకపోవచ్చును. కాని దానిపై నమ్మకముంచుటకు తొందరపడ నక్కఱలేదు.

తలిదండ్రులకు నొక మనవి. ఘన బ్యాటరీ వచ్చినను ప్రమాదము పూర్తిగా పోదు. లిథియము లోహము తానే మండునది; గంధకపు జాతి తడిసినచో విషవాయువును విడుచును. ప్రమాదము తగ్గునని చెప్పవచ్చును గాని తీరునని చెప్పరాదు. మఱియు 2022 నాటి ప్రమాదములు మన యిండ్లలోనున్న ద్రవ బ్యాటరీల వలన కలిగినవి. అవి ఇంకను కొన్ని యేండ్లు మనతోనే యుండును. కావున పడుకొను గదిలోను, బయటికి పోవు ద్వారమువద్దను బ్యాటరీకి విద్యుత్తు నింపకుడు. రాత్రి యందఱు నిద్రించునప్పుడు నింపకుడు. దానితో వచ్చిన సాధనముచేతనే నింపుడు. ఉబ్బినదానిని, నీట మునిగినదానిని, క్రిందపడి నొక్కుపడినదానిని తెలిసినవారికి చూపక మరల వాడకుడు.

తుదకు మన బాలబాలికలకు నొక మాట. ఫారడే వేడిచేసిన ఘనమునకును మ్యూనిక్‌లో నడచిన మోటారుసైకిలునకును నడుమ ఇంచుమించు రెండువందల యేండ్లు గడచినవి. ఆ కాలమున స్ఫటికములను చదివినవారు, పింగాణిని కాల్చినవారు, పగుళ్లను లెక్కించినవారు, యంత్రములను బిగించినవారు ఎందఱో కలరు. మిగిలిన కష్టము రసాయనశాస్త్రమున కొంత, యంత్రశాస్త్రమున కొంత, కుమ్మరి నేర్పువంటి చేతిపనియందు కొంత కలదు. మన ప్రయోగశాలలో ఉప్పునీటిలో రెండు లోహపు రేకులుంచి చిన్న దీపము వెలిగించు విద్యార్థి ఆ పనికి మొదటి పాఠమును నేర్చుచున్నాడు. ఆ పాఠమును శ్రద్ధగా నేర్చినవారిలో కొందఱైనను ఆ మిగిలిన పనిలో చేయివేయుదురుగాక యని మా కోరిక.